టిడెన్‌హామ్ ఎవరిది?

నీరు తీస్తోంది. సెవర్న్ నది ముఖద్వారంలో ఆటు మొదలైందంటే చూస్తూ ఉండగానే నది సగం ఖాళీ అయిపోతుంది. పెద్ద పోటు రోజుల్లో ఇక్కడ నీటిమట్టం 14 మీటర్ల దాకా లేచి పడుతుంది. ప్రపంచంలో ఇంత పెద్ద పోట్లు వచ్చే తీరాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మీరు సెడ్‌బరీ దగ్గర ఎర్రమట్టి చరియ అంచున నిలబడి ఉన్నారు. గడ్డి కప్పేసిన మట్టికట్ట ఒకటి పొలాల మీదుగా వచ్చి సరిగ్గా మీ కాళ్ల దగ్గర ఆగిపోయింది. 8వ శతాబ్దంలో మెర్సియా రాజు ఆఫా వేల్స్ వైపున వేయించిన కట్టకు దక్షిణపు కొస ఇదే. కుడివైపు, 1966లో తెరిచిన సెవర్న్ వంతెన బీచ్‌లీ మీదుగా పోతోంది. లారీల హోరు గాలివాటున వినిపిస్తోంది. వెనక్కి తిరిగి కాసేపు నడిస్తే వై నది. దానికి అవతల వేల్స్.

రెండు నదుల నడుమ ఇరుక్కున్న ఈ నేల పేరు టిడెన్‌హామ్. గ్లాస్టర్‌షర్ కౌంటీకి పడమటి కొస. మీరు వచ్చిన పని ఒక్కటే. 1066 అక్టోబరులో హేస్టింగ్స్ దగ్గర హెరాల్డ్ రాజు చనిపోయి, నార్మండీ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండ్‌ను చేజిక్కించుకోకముందు ఈ ఊరు ఎవరిదో తేల్చాలి.

కింద బురద బయటపడింది. దాన్ని ఒకసారి బాగా చూసి పెట్టుకోండి. ఈ ఊరి ఆస్తిలో పెద్ద వాటా ఆ బురదలోనే ఉండేది.

ఇంగ్లండ్‌లో పాత ఊరి సంగతి ఎవరు తవ్వినా మొదట తెరిచేది డూమ్స్‌డే పుస్తకాన్నే. మీరూ అదే చేయాలి. ఆ పుస్తకం పుట్టింది కూడా ఈ కౌంటీలోనే. 1085 క్రిస్మస్‌కు విలియం గ్లాస్టర్‌లో కొలువు తీర్చాడు. తన రాజ్యంలో ఏ నేల ఎవరి చేతిలో ఉంది, దాని మీద ఎంత వస్తుంది అన్న సంగతి సభలో చాలాసేపు చర్చించి, దేశం నలుమూలలకీ మనుషుల్ని పంపాడు. మరుసటేడు వాళ్లు ఊరూరి గురించీ అవే ప్రశ్నలు వేశారు. ఎడ్వర్డ్ రాజు బతికున్న కాలంలో దీన్ని ఎవరు పట్టుకుని ఉన్నారు? ఇప్పుడు ఎవరు? ఎన్ని హైడ్లు? ఎన్ని నాగళ్లు? ఎంతమంది రైతులు? అడివెంత, చేపల మడుగులెన్ని? ఒక్క ఎద్దు, ఒక్క పంది కూడా లెక్క తప్పలేదని ఆనాటి ఇంగ్లిష్ చరిత్రకారుడు సిగ్గుపడుతూ రాసుకున్నాడు.

కౌంటీ సభ జరుగుతున్న చోట ఒక మూల నిలబడినట్టు ఊహించుకోండి. ముందు వరసలో ఫ్రెంచి మాట్లాడే దొరలు. వెనక, ఊళ్ల నుంచి వచ్చిన పెద్దమనుషులు, వాళ్లది ఇంగ్లిష్. మధ్యలో దుబాసీ. రాసేవాడు మాత్రం లాటిన్‌లో రాస్తాడు. మూడు భాషలు దాటేసరికి ఊరి సంగతి నాలుగు వరసలకు కుదించుకుపోతుంది. రెండో ప్రశ్నకు జవాబు తేలిక, దొర ఎదురుగానే ఉన్నాడు. మొదటి ప్రశ్న దగ్గరే మాట తడబడుతుంది. హెరాల్డ్‌కు ముందు ఏలిన ఎడ్వర్డ్ రాజు పోయింది 1066 జనవరి 5న. అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. అప్పటి దొరల్లో చాలామంది చచ్చిపోయారు, లేదా దేశం వదిలిపోయారు. పెద్దమనుషులు గుర్తున్నది చెప్పారు, భయం లేనంతవరకూ.

టిడెన్‌హామ్ పద్దు చదవండి. రాజుగారి భూముల కింద ఉంది. బాత్ మఠాధిపతి ఈ ఊరిని పట్టుకుని ఉండేవాడట. 30 హైడ్లు, అందులో పది దొర సొంత సాగు. 38 మంది రైతులు, వాళ్లకు 38 నాగళ్లు, ఇంకా పదిమంది చిన్నకారు కూలీరైతులు. సెవర్న్ మీద దొరకు 11, రైతులకు 42 చేపల దడులు. వై మీద దొరకు ఒకటి, రైతులకు రెండున్నర. తర్వాత ఎర్ల్ విలియం ఫిట్జ్ ఆస్బర్న్ వై మీద మరో రెండు వేయించాడు. హైడ్ అంటే ఒక కుటుంబం బతకడానికి సరిపోయే నేల అని పాత లెక్క, సుమారు 120 ఎకరాలు. ఆచరణలో మాత్రం అది పన్ను లెక్క. కొలత గొలుసు పట్టుకుని ఎవరూ కొలిచింది కాదు.

పని అయిపోయిందనుకుంటారు. బాత్ మఠానిది, రాసేసుకోండి అని. కానీ పద్దు చివరికంటా చదవండి. ఎర్ల్ విలియం ఈ ఊరిని తీసుకునే వేళకు దీన్ని పట్టుకుని ఉన్నది ఆర్చ్‌బిషప్ స్టిగాండ్ అని ఉంది. ఒకే ఊరు, ఒకే కాలం, రెండు పేర్లు.

ఊరి చరిత్ర రాసేవాళ్లలో చాలామంది ఇక్కడ ఏదో ఒక పేరు ఎంచుకుని ముందుకు పోతారు. అది తప్పని నా అభిప్రాయం. డూమ్స్‌డేలో రెండు పేర్లు కనబడ్డ చోటే అసలు కథ ఉంటుంది. ఇంగ్లండ్‌లో వేల ఊళ్లకు ఆ కథ చెప్పే కాగితం ఒక్కటీ మిగల్లేదు. టిడెన్‌హామ్‌కు మిగిలింది. పీటర్ సాయర్ 1968లో ఆంగ్లో-సాక్సన్ శాసనాలన్నిటికీ వరస నంబర్లు వేసి జాబితా చేశాడు. ఇప్పుడది ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ఊరి పేరు కొట్టండి. మూడు నంబర్లు వస్తాయి: 610, 1426, 1555. ఒకటి దానశాసనం, ఒకటి కౌలుపత్రం, ఒకటి ఊరి లెక్కల చిట్టా. ఒక్క ఊరికి మూడూ ఉండటం మహా అరుదు.

మూడూ ఒకే చోట ఉన్నాయి. కేంబ్రిడ్జిలో కార్పస్ క్రిస్టి కాలేజీ, పార్కర్ లైబ్రరీ, 111వ నంబరు ప్రతి. 12వ శతాబ్దంలో బాత్ సన్యాసులు తమ పత్రాలన్నీ ఒక పుస్తకంగా ఎత్తి రాసుకున్నారు. మఠాలు మూతపడ్డాక మొదటి ఎలిజబెత్ రాణి కాలపు ఆర్చ్‌బిషప్ మాథ్యూ పార్కర్ ఇలాంటి పాత పుస్తకాలు పోగుచేసి కాలేజీకి ఇచ్చాడు. కేంబ్రిడ్జి దాకా పోనక్కర్లేదు, పుటల ఫొటోలు తెర మీదే చూడొచ్చు. పాత ఇంగ్లిష్ రాకపోయినా భయం లేదు. కౌలుపత్రాన్నీ చిట్టానూ ఆగ్నెస్ జేన్ రాబర్ట్‌సన్ అనే పండితురాలు 1939లోనే అనువాదంతో సహా అచ్చువేసింది.

కౌలుపత్రంతో మొదలుపెట్టండి. రెండు పేర్ల ముడి అక్కడే విడిపోతుంది. 1061కీ 1065కీ మధ్య రాసిన పత్రం అది. బాత్ మఠాధిపతి ఆల్ఫ్‌విగ్, ఆయన సన్యాసులు టిడెన్‌హామ్‌లోని 30 హైడ్లను స్టిగాండ్‌కు ఆయన బతికున్నంత కాలం కౌలుకిచ్చారు. ముందుగా పది మార్కుల బంగారం, ఇరవై పౌన్ల వెండి. పైగా ఏటేటా ఒక మార్కు బంగారం, ఆరు పార్పాయిస్‌లు, ముప్ఫై వేల హెర్రింగ్ చేపలు. స్టిగాండ్ పోయాక ఊరు పంటతో, మనుషులతో సహా మఠానికి తిరిగి రావాలి.

ఆ ఆరు పార్పాయిస్‌ల దగ్గర ఆగండి. పార్పాయిస్ డాల్ఫిన్‌కు దగ్గరి చుట్టం. దాని మాంసం ఆనాటి పెద్దల పళ్లేల్లోకే వెళ్లేది. సన్యాసులకు ఉపవాస దినాలు ఎక్కువ, ఆ రోజుల్లో మాంసం ముట్టకూడదు. నీళ్లలో ఉండేది గనక పార్పాయిస్‌ను చేప కిందే జమకట్టేవారు. నేల మీద పండే గింజల కంటే నదిలో పడే చేపల కోసమే బాత్ మఠం ఈ ఊరిని గట్టిగా పట్టుకుందని ఈ పత్రం చెప్పకనే చెబుతోంది.

ఇక కౌలుదారు. స్టిగాండ్ ఆ కాలంలో ఇంగ్లండ్ మొత్తం మీద అత్యంత ధనవంతుల్లో ఒకడు. 1052లో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ అయ్యాడు. అంతకుముందు నుంచీ ఉన్న వించెస్టర్ బిషప్ పదవిని మాత్రం వదల్లేదు, రెండూ తానే అనుభవించాడు. బాయూ తెరచీర మీద హెరాల్డ్ పట్టాభిషేకం బొమ్మలో, రాజు పక్కన నిలబడ్డ మతగురువు ఆయనే, పేరు కూడా కుట్టారు. అలాంటి మనిషి ఒక మారుమూల ఊరిని కౌలుకు అడిగితే మఠం కాదనగలదా? పత్రంలో బంగారం లెక్క గొప్పగానే ఉంది. ఇష్టపడి ఇచ్చారా, ఇవ్వక తప్పలేదా అన్నది మాత్రం పత్రాలు చెప్పవు. ఆ కాలంలో పెద్దలు మఠాల భూములను ఇలా ‘నా జీవితకాలానికి’ అని తీసుకుని వారసులకు వదిలేయడం మామూలే గనక, తిరిగి రావాలన్న షరతు రాసేటప్పుడే సన్యాసుల గుండె గుబగుబలాడి ఉంటుంది.

కాబట్టి మీ నోట్‌బుక్‌లో ఇలా రాసుకోండి: హక్కు బాత్ మఠానిది, అనుభోగం స్టిగాండ్‌ది. డూమ్స్‌డే రెండూ చెప్పింది గానీ రెండింటికీ తేడా చెప్పలేదు.

ఇప్పుడు చిట్టా తెరవండి. దీని మీద తేదీ లేదు. మఠానికి ఊరు వచ్చిన 956కూ ఈ కౌలుకూ మధ్య కాలానిదని పండితులు లెక్కేస్తారు. దీన్ని టేబుల్ మీద పెట్టుకుని చదివితే సగమే అర్థమవుతుంది. నకలు చేత పట్టుకుని ఊళ్లోకి నడవండి.

స్ట్రోట్‌తో మొదలు. గ్లాస్టర్ నుంచి వేల్స్ వైపు పోయే పాత రోమన్ బాట ఈ పల్లె మీదుగానే పోతుంది. చిట్టాలో దీనికి 12 హైడ్లు, సెవర్న్ మీద 30 బుట్టల దడులు. మిడిల్టన్, కింగ్‌స్టన్‌లకు ఐదేసి హైడ్లు. కింగ్‌స్టన్ అంటే మీరు పొద్దున నిలబడ్డ సెడ్‌బరీ ప్రాంతమే. అక్కడ కట్టకు అవతల ఒక హైడ్ నేల ఉందని, అదీ ఇప్పుడు సిస్తు కడుతోందని రాశాడు గుమాస్తా. ఆ కట్ట ఆఫాదే. రెండున్నర శతాబ్దాల కింద రాజు దేశానికి హద్దుగా వేయించిన కట్ట, గుమాస్తాకు పొలం గుర్తుగా మాత్రమే పనికొచ్చింది. అక్కడే బయటి నేల కొంత వేల్స్ పడవవాళ్లకు సిస్తుకిచ్చారని కూడా ఉంది. అది బీచ్‌లీ వైపు నేల అయి ఉంటుందంటారు.

ఆ వేల్స్ పడవవాళ్ల దగ్గర కాస్త అనుమానంగా ఆగాల్సిందే. 1049లో దక్షిణ వేల్స్ రాజు గ్రిఫిడ్ ఆప్ రిడెర్క్, ఐర్లండ్ నుంచి 36 ఓడల్లో వచ్చిన దండుతో కలిసి వై నది దాటి డైమెడ్‌హామ్ అనే ఊరిని తగలబెట్టి, దొరికినవాళ్లను దొరికినట్టు నరికేశాడని వూస్టర్ మఠంలో రాసిన చరిత్ర చెబుతుంది. అది టిడెన్‌హామేనని చాలామంది ఒప్పుకుంటారు. అంటే స్టిగాండ్ కౌలుకు తీసుకున్నది, సుమారు పదిహేనేళ్ల కింద కాలిన ఊరిని. ఆరోజు తరమడానికి వెళ్లిన బిషప్ ఎల్డ్రెడ్ దండు ఓడిపోయి పారిపోయింది. నదికి అవతలివాళ్లు ఒక ఏడు సిస్తు కట్టే కౌలుదార్లు, ఇంకో ఏడు నిప్పు పెట్టే శత్రువులు. సరిహద్దు ఊరి బతుకు అంతే.

బిష్టన్, లాంకాట్ వై వైపు ఉన్నాయి, మూడేసి హైడ్లు. బిష్టన్‌కు వై మీద 15 దడులు. లాంకాట్‌కు దిగే దారి నిటారుగా ఉంటుంది, జారిపడకుండా చూసుకోండి. సున్నపురాయి కొండల మధ్య వై నది గుర్రపు నాడాలా వంపు తిరిగిన చోట, చెట్ల మధ్య సెయింట్ జేమ్స్ గుడి గోడలు పైకప్పు లేకుండా నిలబడి ఉన్నాయి. ఊరు లేదు, గుడి మిగిలింది. లాంకాట్ అన్న పేరే వెల్ష్, అక్కడి పాత సాధువు కెవిడ్ గుడి అని.

రెండు నదుల మీదా అన్నీ కూడితే వందకు పైగా దడులు తేలతాయి. 1086 నాటికి సెవర్న్ మీద 53 కనిపిస్తాయి, వై మీద ఐదున్నరే. నిజంగా తగ్గాయా, లేక డూమ్స్‌డే గుమాస్తాలు చాలా బుట్టల వరసను కలిపి ఒకటిగా లెక్కేశారా అన్నది తేల్చకుండా, ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి ‘ఊరు చితికిపోయింది’ అని రాసేయొద్దు.

ఇప్పుడు నీటి అంచుకు దిగండి. ఆటు పూర్తిగా తీసింది. 1060ల నాటి ఒక రైతు మీ పక్కన ఉన్నాడనుకుందాం. చిట్టా అతన్ని గెబూర్ అంటుంది. ఒక యార్డ్‌ల్యాండ్ నేల అతని చేతిలో ఉంది, హైడ్‌లో పావు వంతు. మోకాళ్ల దాకా బురద. బురదలో దిగ్గొట్టిన గుంజలు నది వైపుకి వరస కట్టి ఉన్నాయి. గుంజల మధ్య సన్నపు కొమ్మలతో అల్లిన పొడవాటి బుట్టలు, మూతి వెడల్పు, తోక సన్నం. పోటు మీద పైకొచ్చిన చేప ఆటుతో కిందికి పోయేటప్పుడు మూతిలో దూరుతుంది. వెనక్కి తిరగలేదు. రైతు చేతులు చకచకా ఆడుతున్నాయి. పాడైన బుట్ట తీసి, కొత్తది దిగేసి, తాడు బిగిస్తున్నాడు. నీరు తిరిగి వచ్చేలోపే ఈ పని కావాలి, ఆ నీరు చాలా వేగంగా వస్తుంది.

అతను ఈ పని కూలికి చేయడం లేదు. దడి కట్టడానికి ఇంటికి 40 పెద్ద కర్రలు గానీ, ఒక బండెడు సన్న కొమ్మలు గానీ తేవాలి. లేదంటే మూడు ఆటుల్లో ఎనిమిది కాడుల దడి కట్టి పెట్టాలి. అది చిట్టాలో రాసి ఉంది. ఒక బుట్టలో చేప కొట్టుకుంటోంది. అది అతనిది. పక్క బుట్టలో ఇంకొకటి. అది దొరది. ఒకటి తప్పించి ఒకటి, ఊరి మొత్తంలో ప్రతి దడిలో అదే లెక్క. స్టర్జన్ పడిందా, పార్పాయిస్ పడిందా, హెర్రింగ్ గానీ మరే విలువైన సముద్రపు చేప గానీ పడిందా, అది పూర్తిగా దొరకే. దొర ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆయనతో చెప్పకుండా చేపను డబ్బుకు అమ్మడానికి వీల్లేదు. స్టిగాండ్ మఠానికి కట్టిన ఆరు పార్పాయిస్‌లు ఎక్కడి నుంచి వచ్చేవో మీకు ఇప్పుడు తెలిసిపోయింది.

బురద కడుక్కుని గట్టెక్కినా అతని పని తీరలేదు. వారం పనుల్లో భాగంగా దొర పొలంలో అరెకరం దున్నాలి. విత్తనం దొర గాదె నుంచి తనే మోసుకురావాలి. గుడి పన్ను కింద ఇంకో ఎకరం, దానికి విత్తనం తన గాదెలోంచే. పదిహేను కోలల పొలం కంచె వేయాలి, దొర ఇంటి చుట్టూ కంచెలో ఒక కోల తన వంతు. ఎకరంన్నర కోత, అరెకరం గడ్డి కోత. ఈస్టర్ తర్వాత ఆరు పెన్నీలు, ఆగస్టులో అర సెస్టరు తేనె, నవంబరులో ఆరు సెస్టర్ల మాల్టు, మంచి వలదారపు ఉండ ఒకటి. ఏడు పందులున్నవాడు మూడు ఇచ్చుకోవాలి, ఆ పైన పదింట ఒకటి. ఇంతకు తోడు ఊరంతటా యార్డ్‌ల్యాండ్‌కు 12 పెన్నీల సిస్తు, దానం కింద మరో నాలుగు. మన దగ్గర జమీందారీలో వెట్టి చేసినవాళ్ల మనవలకు ఈ జాబితా చదివి వినిపిస్తే అర్థం చెప్పాల్సిన పని ఉండదు.

అతనికంటే ఒక మెట్టు పైన గెనియట్ అనే తరగతి రైతు ఉన్నాడు. అతనిది బురద పని కాదు, గుర్రం పని. దొర సామాను మోయాలి, పశువుల మందల్ని తోలుకెళ్లాలి, ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి. ఊరి 30 హైడ్లలో తొమ్మిది దొర సొంత సాగు, మిగతా 21 ఇలాంటి రైతుల చేతిలో ఉన్నాయి.

ఈ చిట్టాను పట్టుకుని చరిత్రకారుల మధ్య పెద్ద వాదమే నడిచింది. ఇంగ్లిష్ రైతు సాక్సన్ కాలంలో స్వేచ్ఛగా బతికాడని, నార్మన్లు వచ్చి మెడకు కాడి కట్టారని ఇంగ్లండ్‌లో తరతరాలుగా ఒక నమ్మకం. 1883లో ఫ్రెడరిక్ సీబోమ్ అనే బ్యాంకరు, తీరిక వేళల్లో చరిత్ర తవ్వేవాడు, ఇంగ్లిష్ గ్రామ సమాజం మీద పుస్తకం రాసి ఆ నమ్మకాన్ని గట్టిగా కదిలించాడు. అందుకు ఆయన పట్టుకున్న ఊళ్లలో టిడెన్‌హామ్ ఒకటి. ఇక్కడి నదిలో ఆనాటికీ వాడుకలో ఉన్న బుట్టల దడుల బొమ్మలు కూడా పుస్తకంలో వేయించాడు. కాడి నార్మన్లు తెచ్చింది కాదు, అప్పటికే మెడ మీద ఉందని ఆయన వాదన. ఆ కాడి రోమన్ల నాటి నుంచీ ఉందని ఆయన ఇంకా వెనక్కి లాగిన మాట ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకోరు. మొదటి సగం మాత్రం నిలబడింది. ఆ బురదలో నిలబడ్డ గెబూర్‌ను చూశాక కాదనడం కష్టం.

ఇక అన్నిటికంటే పాత కాగితం. 956లో ఎడ్విగ్ రాజు బాత్ మఠాధిపతి వుల్ఫ్‌గార్‌కు టిడెన్‌హామ్‌లో 30 హైడ్లు దానం చేశాడు. ఎడ్విగ్ అప్పటికి టీనేజీ కుర్రాడు. ఆ ఒక్క ఏడాదే ఆయన పేరిట దాదాపు 60 దానశాసనాలు దొరుకుతున్నాయి. గద్దె మీద కుదురుకోవడానికి మనుషుల్ని కొనుక్కుంటున్నాడని అనిపిస్తుంది. అంటే 956కు ముందు ఈ ఊరు రాజుగారిదే. కింగ్‌స్టన్ పేరు కూడా ఆ మాటే చెబుతోంది.

శాసనం చివర పొలిమేరలు ఉన్నాయి. మన రాగి రేకుల్లో చింతచెట్టు, పుట్ట, రాతిగుట్ట, వాగు అని పొలిమేర చెప్పినట్టే ఇక్కడా నడక దారిలో గుర్తులు. వై నది కలిసే మూతి దగ్గర మొదలుపెట్టి యూ చెట్ల మిట్టకు, అక్కడి నుంచి రాళ్ల వరసకు, తెల్లని పల్లానికి, యూ చెట్ల లోయకు, వెడల్పాటి బీడుకు, జంట రేవుకు, చివరికి ఒక కాలువ వెంట సెవర్న్‌లోకి. మ్యాపు చేత పట్టుకుని ఈ వరసలో నడవండి. నదుల మూతులు తేలిగ్గానే దొరుకుతాయి. వై కొండల మీద యూ చెట్లు నేటికీ ఉన్నాయి, అయితే శాసనంలోని చెట్టు ఏదని అడక్కండి. నడుస్తుంటే ఒక సంగతి తట్టక మానదు. శాసనం పొలిమేర చెబుతుంది గానీ, లోపల ఎవరున్నారో ఒక్క ముక్క చెప్పదు. రాజు ఇచ్చింది ఖాళీ నేలను కాదు. అక్కడ దున్నేవాళ్లు, దడులు కట్టేవాళ్లు అప్పటికే ఉన్నారు. 956లోనూ వాళ్ల మాట ఎవరూ అడగలేదు, 1060ల్లోనూ అడగలేదు.

1066 తర్వాత ఏమైందో మళ్లీ డూమ్స్‌డేనే చెబుతుంది. విలియం రాజు తన నమ్మినబంటు విలియం ఫిట్జ్ ఆస్బర్న్‌ను హెర్‌ఫర్డ్ ఎర్ల్‌ను చేసి ఈ సరిహద్దు అప్పజెప్పాడు. వై అవతల చెప్‌స్టోలో రాతి కొండ మీద కోట కట్టించింది అతనే. స్టిగాండ్ చేతిలోంచి టిడెన్‌హామ్‌ను తీసేసుకున్నాడు. ఊరిని ముక్కలు చేసి పంచిపెట్టడం మొదలైంది. నార్మండీలో తను స్థాపించిన లీర్ మఠానికి ఊరి గుడి, దానితో పాటు అర హైడ్ నేల. వాల్టర్ డి లేసీకి, రాల్ఫ్ డి లిమేసీకి చేపల దడులు. 1070లో స్టిగాండ్‌ను పదవి నుంచి దించేశారు, 1072లో పోయాడు. కౌలుపత్రం ప్రకారం ఆయన పోయిన రోజున ఊరు బాత్‌కు రావాలి. అప్పటికే ఊరు స్టిగాండ్ చేతిలో లేదు గనక రావడానికి ఏమీ మిగల్లేదు. ఎర్ల్ విలియం 1071లో ఫ్లాండర్స్‌లో కాసెల్ దగ్గర యుద్ధంలో చచ్చిపోయాడు. కొడుకు రోజర్ 1075లో రాజు మీద తిరగబడి ఆస్తి అంతా పోగొట్టుకున్నాడు. అలా ఊరు రాజు ఖాతాలో పడింది. అందుకే 1086లో ఇది రాజుగారి భూముల కింద కనిపిస్తుంది.

పదేళ్లలో నలుగురు దొరలు మారారు. దడిలో రెండో చేప మాత్రం ప్రతిసారీ దొరకే వెళ్లింది.

నార్మన్లకు ముందు టిడెన్‌హామ్ ఎవరిదని ఎవరైనా అడిగితే మీరు ఒక్క పేరు చెప్పి ఊరుకోవద్దు. ఇచ్చిన రాజు ఎడ్విగ్, హక్కుదారు బాత్ మఠం, కౌలుదారు స్టిగాండ్, సాగుచేసింది గెబూర్లూ గెనియట్లూ, ఒక అంచున సిస్తు కట్టింది వేల్స్ పడవవాళ్లు. నార్మన్లు మార్చింది ఈ వరసలో పై మెట్లనే. మీరు వెతుకుతున్నది వేరే ఊరైతే, మూడు పత్రాల అదృష్టం ఉండకపోవచ్చు. అయినా డూమ్స్‌డేలో ఎడ్వర్డ్ రాజు నాటి పేరు దొరకగానే ఆగిపోకండి. సాయర్ జాబితాలో చుట్టుపక్కల ఊళ్ల శాసనాలు చూడండి, మఠాల పద్దుల పుస్తకాలు వెతకండి. ఎవరు ఎవరికి ఏమి కట్టేవారో తెలిసే దాకా ‘యజమాని’ అన్న గడి ఖాళీగానే వదిలేయండి.

బాత్ సన్యాసులు 12వ శతాబ్దంలో తమ పుస్తకంలో ఈ మూడు పత్రాలనూ ఒక్క షరతూ వదలకుండా ఎత్తి రాసుకునే నాటికి ఊరు వాళ్ల చేయి దాటిపోయి తరాలు గడిచాయి. అది ఆపైన చెప్‌స్టో కోట ప్రభువుల ఆస్తిలో కలిసిపోయింది. బాత్ మఠం చేతికి మళ్లీ ఎన్నడూ రాలేదు.